కడుపు చించుకుంటే బూట్ల మీద పడింది: మెడికల్ బోర్డు అధికారులకు, యూనిట్ కమాండర్లకు ఒక సైనికుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

రెండేళ్ళ కిందట ఒక అర్ధరాత్రి, కాపలా డ్యూటీలో ఉండగా నేను 9 నిమిషాలు పోస్టు వదిలేశాను. రిలీఫ్ అడగలేదు. రేడియోలో ఒక్క ముక్క చెబితే ఎవరో ఒకరు వచ్చేవారు, చెప్పలేదు. నాతో జోడీగా ఉన్నవాడు నా వైపు కూడా తనే చూసుకున్నాడు. తిరిగొచ్చాక నా మొహం చూసి, "మళ్ళీనా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. జరిగి ఉంటే ఈ లేఖ ఉండేది కాదు, విచారణ నివేదిక ఉండేది.

అప్పుడు నాకు 22 ఏళ్ళు. ఇప్పుడు 24. నాకున్నది క్రోన్స్ వ్యాధి. ఆ రాత్రికి దాని పేరు నాకు తెలియదు. కానీ లోపల ఏదో పెద్దదే ఉందని తెలుసు. తెలిసే దాచాను. ఎందుకు దాచానో మీకు చెప్పాలని ఈ లేఖ. ఇందులో నా తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను. మిగతాది మీ దగ్గర ఉంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని సామెత. సొంత గుట్టు బయటపెట్టుకుంటే నష్టం మనకే అని. యూనిఫాం వేసుకునేదాకా దాన్ని సామెత అనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది రాయని స్టాండింగ్ ఆర్డర్ అని. మోకాలు విరిగితే చెప్పొచ్చు, కట్టు కనబడుతుంది. జ్వరమొస్తే థర్మామీటర్ సాక్ష్యం చెబుతుంది. "రోజుకి పన్నెండుసార్లు వెళ్తున్నాను సార్, రక్తం పడుతోంది" అని వరసలో నిలబడి ఎలా చెప్పడం? మొదటిసారి చెప్పినప్పుడు సగమే చెప్పాను. విరేచనాలు అన్నాను, రక్తం సంగతి మింగేశాను. ఉప్పు, పంచదార కలిసిన పొడి పొట్లాలు ఇచ్చి, మూడు రోజులు తేలిక డ్యూటీ రాశారు. రెండోసారీ అంతే. మూడోసారి వెళ్ళేసరికి వెనకాల నుంచి ఎవరో "పనిదొంగ" అన్నారు, నాకు వినబడేలాగే. నాలుగోసారి నేను వెళ్ళలేదు.

ఈ జబ్బు గురించి కొంచెం చెప్పనివ్వండి. మీలో డాక్టర్లకి తెలిసిందే, కానీ నా మీద రోజూ సంతకం పెట్టే కంపెనీ కమాండర్‌కి తెలియదు. క్రోన్స్ అంటే గ్యాస్ ట్రబుల్‌కి ఇంగ్లిష్ పేరు కాదు. సొంత రోగనిరోధక వ్యవస్థే పేగుని వదలకుండా వాచేలా చేసే దీర్ఘకాలిక వ్యాధి. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా చిన్నపేగు వెళ్ళి పెద్దపేగులో కలిసే చోట వస్తుంది. నాదీ అక్కడే. వాపు పేగు లోపలి పొరతో ఆగదు, గోడ మందమంతా పాకుతుంది. అందుకే పుండ్లు లోతుగా పడతాయి, మానేటప్పుడు మచ్చకట్టి పేగు ఇరుకైపోతుంది. ఒక్కోసారి పుండు తనకు తానే దారి తొలుచుకుని పక్క పేగులోకో చర్మం దాకానో వచ్చేస్తుంది, దాన్ని ఫిస్టులా అంటారు. పుండు వరసగా కూడా ఉండదు. కొంత పేగు పాడై ఉంటుంది, తర్వాత జానెడు శుభ్రంగా ఉంటుంది, మళ్ళీ పుండు. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. అణచి ఉంచే మందులున్నాయి. అవి పనిచేస్తే నెలలు, ఏళ్ళు కూడా ప్రశాంతంగా ఉండొచ్చు. ఆ ప్రశాంతతకి రెమిషన్ అని పేరు, రేగినప్పుడు ఫ్లేర్. ఈ రెండు మాటలూ దయచేసి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరికే వస్తాను.

ఇది అంటువ్యాధి కాదు. పక్క మంచం వాడు వారం రోజులు నా మగ్గు ముట్టుకోలేదు కాబట్టి ఇది కూడా రాయాల్సొస్తోంది.

ఈ జబ్బు ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మీరు జనాన్ని సైన్యంలోకి తీసుకునే వయసేదో చూడండి. అమెరికా సైన్యం చేరిక నిబంధనల్లో పేగు వాపు వ్యాధి చరిత్ర ఉంటే అనర్హత అని రాసి ఉంటుంది. ఇలాంటి నిబంధన పెట్టుకోవడం అర్థం చేసుకోదగిందే. కానీ గేటు దగ్గర ఎంత గట్టిగా జల్లెడ పట్టినా, గేటు దాటాక మొదలయ్యే జబ్బుని జల్లెడ ఏం చేస్తుంది? నేను చేరిన రోజు నా రిపోర్టులన్నీ నికార్సుగా ఉన్నాయి. అబద్ధం ఆడి లోపలికి రాలేదు. లోపలికి వచ్చాక అబద్ధం నేర్చుకున్నాను.

జబ్బు దాచుకుని తిరిగిన ఏడు నెలలు ఎలా గడిచాయో, వాటిలో ఒక్క రోజు చెబుతాను. 20 కిలోమీటర్ల రూట్ మార్చ్. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నేను ఏమీ తినలేదు. ఆకలి లేక కాదు, ప్లాన్ ప్రకారం. పేగులో ఏమీ లేకపోతే బయటికి రావడానికీ ఏమీ ఉండదని నా లెక్క. పొద్దున్న నీళ్ళు కూడా తాగలేదు. దారి మ్యాపు ముందే చూసుకున్నాను. మ్యాప్ రీడింగ్‌లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే. అందరూ ఎత్తుపల్లాలు చూస్తుంటే నేను చాటు ఎక్కడుందో చూసేవాణ్ణి. మూడో కిలోమీటరు దగ్గర పొదలు, ఏడు దగ్గర పాత గోడ, పదకొండు నుంచి అంతా మైదానం. ఆ మైదానం అంటేనే టెన్షన్. నా లెక్క తప్పని ఆరో కిలోమీటరుకే తేలింది. ఏమీ తినకపోయినా వాచిన పేగు ఊరుకోదు. నొప్పి బొడ్డుకి కుడివైపు కింద మొదలై, బట్ట పిండినట్టు పిండి, వదిలి, మళ్ళీ పిండేది. వదిలినప్పుడు అడుగులు లెక్కపెట్టేవాణ్ణి, పిండినప్పుడు లెక్క పోయేది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను. "నీళ్ళు తాగలేదు" అని కాగితం మీద రాశారు. నిజమే, తాగలేదు. ఎందుకు తాగలేదని ఎవరూ అడగలేదు.

అలసట గురించి చెప్పినా మీకు నమ్మబుద్ధి కాదు. సైనికులందరూ అలసిపోతారు. ఇది అది కాదు. పొద్దున్నే మంచం మీద కూర్చుని ఒక బూటు లేసు కట్టుకుని, రెండో బూటు కట్టుకునే బలం కోసం గోడకి ఆనుకుని ఎదురుచూడటం. రక్తం తగ్గిపోయిందని అప్పట్లో నాకు తెలియదు.

మోకాళ్ళు, మడమలు కూడా నొప్పులు. వాటికి ఐబుప్రొఫెన్. మనం పప్పుబెల్లాల్లా పంచిపెట్టే మాత్ర అది. జేబులో స్ట్రిప్పు లేని జవాను ఉండడు. ఈ రకం నొప్పి మాత్రలు క్రోన్స్ ఉన్నవాళ్ళ పేగుని ఇంకా రేపగలవని నాకు ఎవరు చెబుతారు? పైగా తర్వాత తేలిందేమిటంటే, నా కీళ్ళ నొప్పులకి కారణం పరుగు కాదు. ఈ జబ్బు కొంతమందికి కీళ్ళలోకి, కళ్ళలోకి, చర్మం మీదికి కూడా వస్తుంది. అంటే, జబ్బు తెచ్చిన నొప్పి తగ్గడానికి జబ్బుని పెంచే మాత్ర, రోజుకి మూడు, నా చేత్తో నేనే వేసుకున్నాను.

పోస్టు వదిలిన రాత్రి ఈ ఏడు నెలల మధ్యలోది. రిలీఫ్ ఎందుకు అడగలేదంటే, ఆ వారంలో అప్పటికే రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే రిజిస్టర్‌లో రాస్తారు. రిజిస్టర్‌లో రాస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే మెడికల్ బోర్డు, ఉద్యోగానికి పనికొస్తానో లేదో తేల్చేది. బోర్డు అంటే ఇంటికి. 22 ఏళ్ళ బుర్ర చీకట్లో వేసిన లెక్క ఇది. ఈ లెక్కలో పోస్టు ఎక్కడా లేదు, నా జోడీ లేడు, వెనక నిద్రపోతున్న ముప్పై మంది లేరు. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇప్పటికీ ఆ సంగతే. జబ్బున్నవాడి వల్ల యూనిట్‌కి ప్రమాదమని మీరంటారు. జబ్బు దాచుకున్నవాడి వల్ల ఎంత ప్రమాదమో నేను కళ్ళారా చూశాను, ఎందుకంటే ఆ దాచుకున్నవాణ్ణి నేనే.

చివరికి పట్టుకున్నది ఒక కుర్ర డాక్టరు. మామూలు బరువు చూసే రోజున 71 కిలోలు ఉండాల్సిన చోట 60 కనబడితే, తూకం పాడైందేమోనని తను ఎక్కి చూసుకున్నాడు. తూకం బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.2. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేశారు, పేగులో వాపు ఉంటే అది పెరుగుతుంది. నాది చాలా పెరిగింది. కొలనోస్కోపీ అన్నారు, కెమెరా ఉన్న గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్ష. ముందు రోజు పేగు ఖాళీ అయ్యే మందు లీటర్ల కొద్దీ తాగాలని నర్సు వివరంగా చెబుతుంటే నవ్వొచ్చింది. ఏడు నెలలుగా నా పేగు చేస్తున్న పని అదే. "ఎవరికీ చెప్పలేదా?" అని డాక్టర్ అడిగాడు. "చెప్పాను సార్, సగం" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

పేగు క్షయ కూడా అచ్చం ఇలాగే కనబడుతుందట, అందుకని అది కాదని తేల్చుకోవడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. పేరు తెలిసిన రోజున నేను ఏడవలేదు. హమ్మయ్య అనిపించింది. నేను పనిదొంగని కాదు, నా దగ్గర కాగితం ఉంది.

ఆ హమ్మయ్య ఐదు వారాలు ఉంది.

మొదట ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు, రోజుకి 40 మిల్లీగ్రాములు. స్టెరాయిడ్. నొప్పి పది రోజుల్లో తగ్గింది. బదులుగా నిద్ర పోయింది, ఆకలి రాక్షసి ఆకలి అయింది, మొహం గుండ్రంగా ఉబ్బింది. చిన్న మాటకి కోపం. ఇవన్నీ మందు పనులు, మందు నెమ్మదిగా తగ్గిస్తూ ఆపేస్తే పోయేవే. సరిగ్గా ఆ సమయంలో నన్ను బోర్డు ముందు నిలబెట్టారు. ఉబ్బిన మొహం, నిద్రలేని కళ్ళు, రక్తం ఇంకా పూర్తిగా పట్టని ఒళ్ళు. ముగ్గురు అధికారులు. పది నిమిషాలు కూడా పట్టలేదు. రోజుకి ఎన్నిసార్లు వెళ్తావని అడిగారు. అంతకుముందు ఎన్నిసార్లు వెళ్ళేవాడివని అడగలేదు. ఎంత దూరం నడవగలవు, ఎంత బరువు మోయగలవు, ఏ పని వచ్చు అని అడగలేదు. నా ఫిట్‌నెస్ కేటగిరీ తగ్గించి, ఏడాది తర్వాత తుది నిర్ణయం అని రాశారు. కాగితం మీద జబ్బు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. సాయంత్రానికి బ్యారక్ మొత్తానికి తెలిసింది. నాకు 'ఎక్స్‌ప్రెస్' అని పేరు పెట్టారు. దాని మీద నాకు కోపం లేదు. బ్యారక్‌లో అందరికీ ఏదో ఒక పేరుంటుంది, నాది మరీ అంత చెడ్డది కూడా కాదు. కాగితం ఎలా బయటికొచ్చిందనేదే నా ప్రశ్న.

నన్ను స్టోర్‌లో కూర్చోబెట్టారు. దుప్పట్లు లెక్కపెట్టే పని. 412 దుప్పట్లు. ఏ వారమూ ఒకటి తగ్గలేదు, ఒకటి పెరగలేదు.

ఆ దుప్పట్ల మధ్యే నాకు నయమవుతూ వచ్చింది. స్టెరాయిడ్ తగ్గిస్తూ ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టారు. 1998 నుంచి క్రోన్స్‌కి వాడుతున్న మందు, చేతికి డ్రిప్ పెట్టి ఎక్కిస్తారు (దాన్ని ఇన్‌ఫ్యూజన్ అంటారు), రెండు గంటల పని. మొదటిరోజు ఒకటి, రెండో వారంలో ఒకటి, ఆరో వారంలో ఒకటి, తర్వాత ఎనిమిది వారాలకొకటి. పద్నాలుగో వారానికి నేను రోజుకి రెండుసార్లు వెళ్తున్నాను. బరువు 69. హిమోగ్లోబిన్ 13 దాటింది. ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా ట్రాక్ మీద 5 కిలోమీటర్లు పరిగెత్తాను. టైమ్ చెప్పుకోదగ్గది కాదు, కానీ మధ్యలో ఎక్కడా ఆగలేదు, చాటు వెతకలేదు. రెమిషన్ అన్నాను చూడండి, అది ఇది. మీ బోర్డు చూసింది ఫ్లేర్‌ని. ఫ్లేర్‌లో ఉన్నవాణ్ణి చూసి మనిషి ఇంతేనని రాయడం, జ్వరంతో ఉన్నవాడి చేత షూటింగ్ పరీక్ష చేయించి గురి లేదని రాయడం లాంటిది.

మందు పనిచేయడం ఒక ఎత్తు, దాన్ని సైన్యంలో ఉండి పుచ్చుకోవడం ఇంకో ఎత్తు. ఎనిమిది వారాలంటే ఎనిమిది వారాలే. ఈ మందు వేళ తప్పితే శరీరం దాని మీదే యాంటీబాడీలు తయారు చేసుకోవచ్చు, అప్పుడది ఆ మనిషికి ఇక ఎప్పటికీ పనిచేయకపోవచ్చు. ఒకసారి నా తేదీ యుద్ధ విన్యాసాల ఎక్సర్‌సైజ్ మధ్యలో పడింది. "రెండు వారాలకి ఏమవుతుంది?" అని సెలవు ఇవ్వలేదు. ఇవ్వనివాడు దుర్మార్గుడు కాదు. ఆయన చేతిలోని చార్టులో నా పేరు పక్కన ఇన్‌ఫ్యూజన్ అని ఎక్కడా లేదు, అంతే. పదో రోజుకి కుడివైపు పిండడం మళ్ళీ మొదలైంది. అదృష్టం బాగుండి తర్వాతి డోసుకి తగ్గింది.

ఇంకో సంగతి ఇంతకన్నా ఘోరం. యూనిట్ మొత్తానికి టీకాలు వేస్తున్నారు. చొక్కా చేయి మడుచుకుని లైన్లో నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. గోడ మీది కాగితంలో ఎల్లో ఫీవర్ అని చూశాను. అది బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసే టీకా. రోగనిరోధక శక్తిని అణిచే మందు మీద ఉన్నవాళ్ళకి అలాంటివి వేయకూడదు. ఆ మాట నా డాక్టర్ నాకు చెప్పాడు కాబట్టి లైన్లోంచి పక్కకి జరిగాను. టీకా వేసే అతని దగ్గర నా మందు సంగతి రాసి లేదు. బోర్డు కాగితం మీది జబ్బు పేరు బ్యారక్ మొత్తానికి ఒక సాయంత్రంలో తెలిసింది. సూది పట్టుకున్నవాడికి ఆరు నెలలైనా తెలియలేదు.

ఇప్పుడు ఒక పెద్దమనిషి గురించి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో లక్షకి పైగా సైనికుల్ని ఒక్కరోజులో దించిన సేనాధిపతి ఐజన్‌హోవర్‌కి కడుపునొప్పులు చాలా ఏళ్ళ నుంచి ఉండేవి. 1956లో, అప్పటికి అమెరికా అధ్యక్షుడు, క్రోన్స్ అని తేలింది. జూన్ 9 తెల్లవారుజామున వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో, మూసుకుపోయిన పేగుకి ఆపరేషన్ చేశారు. అదే ఏడాది నవంబరులో ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు. ఆ జబ్బుని న్యూయార్క్ మౌంట్ సైనై ఆస్పత్రి డాక్టర్లు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ 1932లో వర్ణించి అప్పటికి 24 ఏళ్ళే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి ఊహలో కూడా లేవు. ఆయన పేరు చెప్పి నేను లాభం పొందాలని కాదు. ఆయన సుప్రీం కమాండర్, నేను దుప్పట్ల కమాండర్ని. ఆయన గదికి ఆనుకుని బాత్రూం ఉండేది, అదీ తేడానే. కానీ ఆ జబ్బు ఉన్న మనిషి బుర్ర పనిచేస్తుంది, చేయి పనిచేస్తుంది, బాధ్యత మోస్తాడు అని నమ్మడానికి మీకు ఒక ఐదు నక్షత్రాల సాక్షి కావాలంటే, ఉన్నాడు.

నేను కళ్ళు మూసుకుని వాదించడం లేదు. కొన్ని చోట్లకి నన్ను పంపకూడదు. సర్జన్ దొరకని చోటికి, వారాల తరబడి దారి మూసుకుపోయే చోటికి, నెలలు బయటికి రాని జలాంతర్గామిలోకి పంపకూడదు. ఇరుకైన పేగు మూసుకుపోతే తొందరగా ఆస్పత్రి చేరాలి, అక్కడ నన్ను మోసుకెళ్ళడానికి నలుగురి ప్రాణాలు పణంగా పెట్టే హక్కు నాకు లేదు. ఇన్ఫెక్షన్లు నాకు కొంచెం సులువుగా వస్తాయి, పైగా తొందరగా ముదురుతాయి. నాలాంటి కొందరు ఇంట్లో తామే పొడుచుకునే అడలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి, బ్యాక్‌ప్యాక్‌లో అది కుదరదు. మందులు పనిచేయనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని గౌరవంగా, పెన్షన్‌తో, ముందున్న చికిత్సకి భరోసాతో పంపడమే న్యాయం. ఇవన్నీ ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోనిది జబ్బు పేరు చూసి సంతకం పెట్టడాన్ని. నాకు సిగ్నల్స్ పని వచ్చు, మ్యాపులు వచ్చు, కొత్తవాళ్ళకి నేర్పడం వచ్చు. దుప్పట్లు తమని తామే లెక్కపెట్టుకోగలవు.

నేను అడిగేవి పెద్దవి కావు. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: కడుపు జబ్బు గురించి నోరు విప్పిన రోజు ఉద్యోగం పోయే రోజు కాదని లిఖితపూర్వకంగా చెప్పండి. రెండు వారాలకి మించి విరేచనాలో, రక్తమో, బరువు తగ్గడమో ఉంటే పేగు డాక్టర్ దగ్గరికి పంపడం యూనిట్ డాక్టర్ దయ మీద కాక నియమం మీద నడవాలి. బోర్డు పెట్టండి, కానీ చికిత్సకి పనిచేసే టైమ్ ఇచ్చి పెట్టండి. కొత్త మందు పట్టిందో లేదో తేలడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఐదో వారంలో, స్టెరాయిడ్ మొహంతో నిలబెట్టకండి. కమాండర్‌కి పంపే కాగితంలో ఏం చేయగలడు, ఏం చేయకూడదు అని రాయండి. జబ్బు పేరు డాక్టర్ల ఫైల్లో ఉండనివ్వండి. మందు సంగతి, టీకాల సంగతి మాత్రం సూది పట్టుకునే ప్రతివాడికీ కనబడాలి. బతికున్న టీకాలు అవసరమైతే, వీలున్నచోట మందు మొదలుపెట్టకముందే వేయండి. ఇన్‌ఫ్యూజన్ తేదీని కాపలా డ్యూటీలాగే రోస్టర్‌లో రాయండి, కాపలా ఎవరూ రెండు వారాలు వాయిదా వేయరు. ఐబుప్రొఫెన్ చేతిలో పెట్టేముందు "కడుపు ఎలా ఉంది?" అని ఒక్క మాట అడిగించండి.

ఇంకొకటి, చాలా చిన్నది. బాత్రూంకి వెళ్ళడానికి పర్మిషన్ అడగక్కర్లేదని నాలాంటివాడికి ఒక చీటీ ఇవ్వండి. పోస్టులో ఉంటే రిలీఫ్ ఎవరో ముందే చెప్పి ఉంచండి. చిత్రమేమిటంటే, వెళ్ళొచ్చని తెలిస్తే సగంసార్లు వెళ్ళాల్సిన అవసరమే రాదు. టెన్షన్ వల్ల ఈ జబ్బు రాదు. కానీ ఎవరిని అడగాలి, ఏమంటారు అన్న టెన్షన్ నిండా వాచిన పేగుని ఎలా పిండుతుందో నన్నడగండి.

ఈ లేఖ మీకు రాసిందే అయినా, మీకన్నా ముందు ఇంకెవరో చదువుతారని నాకు తెలుసు. రేపటి మార్చ్ కోసం ఇవాళ మధ్యాహ్నం నుంచి తినడం మానేసినవాడు. తమ్ముడూ, ఆ లెక్క తప్పు. నేను వేసి చూశాను. నీళ్ళు తాగు, డాక్టర్‌కి మొత్తం చెప్పు, రక్తంతో సహా.

నా తుది బోర్డు వచ్చే నెలలో. ఆ గది నుంచి బాత్రూం ఏ వైపుందో ఇప్పటికే కనుక్కున్నాను. బయటికొస్తే ఎడమవైపు, మూడో తలుపు. అవసరం రాకపోవచ్చు, అయినా అలవాటు పోదు. ఈసారి నా రిపోర్టులు బాగున్నాయి. కొలనోస్కోపీలో పుండ్లు మానినట్టే కనబడ్డాయి. ఏం రాస్తారో మీ ఇష్టం.

పంపేముందు ఈ లేఖని ఆ రాత్రి నాతో డ్యూటీలో ఉన్నవాడికి చదివి వినిపించాను. అందులో వాడి మాట కూడా ఉంది కదా, వాడికి ఇబ్బందైతే తీసేద్దామని. వాడు మొత్తం విన్నాడు. మొదటి పేరా మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"తొమ్మిది కాదురా," అన్నాడు. "పదకొండు. నేను వాచీ చూస్తూనే ఉన్నాను."

ఇట్లు,
మీ సైనికుడు